పార్కు బోర్డుకు ఒక పేజీ

షికాగోకు పడమటి శివార్లలో ఒక ఊరు. ఆ ఊళ్ళో పదిహేడేళ్ళ తెలుగమ్మాయి ఒకతె. ఈత నేర్చుకున్నది అక్కడి పార్కులు నడిపే స్థానిక బోర్డు, పార్క్ డిస్ట్రిక్ట్ వాళ్ళ కొలనులో. కూచిపూడి మొదటిసారి నలుగురి ముందు ఆడింది వాళ్ళ హాల్లో. వేసవి సెలవుల్లో లైఫ్‌గార్డ్‌గా చేరి మొదటి జీతం తీసుకున్నదీ వాళ్ళ దగ్గరే. తనను ఇంత పెంచిన సంస్థకు వికీపీడియాలో ఒక్క పేజీ కూడా లేదని ఒకరోజు గమనించింది. ఊరికి పేజీ ఉంది. హైస్కూలుకు ఉంది. రైల్వే స్టేషనుకు కూడా ఉంది. పార్కులకు మాత్రం లేదు. సరే, నేనే రాస్తానని కూర్చుంది.

ప్రేమతో రాసింది. పార్కులెన్ని, ఏ పార్కులో ఎన్ని ఉయ్యాలలు, కొలను ఏ వేళకు తెరుస్తారు, యోగా తరగతికి రుసుమెంత, ఏదీ వదల్లేదు. ప్రజల జీవితాలను మెరుగుపరచడానికి అంకితమైన సంస్థ అని ఒక వాక్యం కూడా చేర్చింది. ఆ వాక్యం పార్కు వాళ్ళ కరపత్రంలోది.

మర్నాటికల్లా పేజీ నెత్తిన ఒక నోటీసు వచ్చి కూర్చుంది. తొలగించాలని ప్రతిపాదన, ఏడు రోజుల చర్చ. ఇలాంటి స్థానిక బోర్డులు వందల్లో ఉన్నాయి, ఊరి పేజీలో రెండు వాక్యాలు రాసి విలీనం చేస్తే చాలు అన్నారొకరు. ఎన్నికలు జరుగుతాయి, పన్ను వేస్తుంది, అంటే ప్రభుత్వమే, ప్రభుత్వానికి పేజీ ఉండి తీరాలి అన్నారు ఇంకొకరు. అమ్మాయికి అన్నం సహించలేదు.

ఆ వేసవిలో వాళ్ళింటికి కృష్ణా జిల్లా నుంచి అమ్మమ్మ, తాతయ్య వచ్చి ఉన్నారు. తాతయ్య 1984లో కరణీకాలు రద్దయ్యేదాకా ఊరి కరణం. దస్త్రం అంటే ఏమిటో తెలిసిన మనిషి.

"ఏంటి తల్లీ, అట్లా ఉన్నావు?"

అమ్మాయి అంతా చదివి వినిపించింది. తాతయ్య కాసేపు ఆలోచించి అడిగాడు. "ఈ పార్కుల వాళ్ళు మునిసిపాలిటీలో భాగమా, వేరా?"

"వేరే, తాతయ్యా."

"వేరని నీకెట్లా తెలుసు?"

అమ్మాయి దగ్గర జవాబు లేదు.

"మీ నాన్ననడిగి ఇంటిపన్ను కాగితం పట్టుకురా."

కాగితం వచ్చింది. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని వేలితో ఒక్కో వరుసా చూసుకుంటూ పోయాడు. కౌంటీకి ఇంత, టౌన్‌షిప్‌కి ఇంత, ఊరికి ఇంత, బడికి ఇంత, కాలేజీకి ఇంత, గ్రంథాలయానికి ఇంత, అడవి భూముల సంరక్షణకు ఇంత. వాటి మధ్యలో పార్క్ డిస్ట్రిక్ట్‌కు విడిగా ఒక వరుస ఉంది.

"చూశావా? శిస్తు వేరేగా వేసేవాడు వేరే సర్కారే. ఇప్పుడు హద్దులు చూపించు."

పటం తెరిచారు. పార్కు బోర్డు సరిహద్దు ఊరి సరిహద్దుతో ఎక్కడా సరిగ్గా కలవలేదు. రైలు పట్టాలు దాటి, పక్కనున్న రెండు ఊళ్ళ వీధులను కొన్నింటిని తనలో కలుపుకుంది. తన సొంత ఊరి ఈశాన్యపు మూల మాత్రం ఇంకో పార్కు బోర్డు కిందకు పోయింది.

"మరి దీన్ని ఊరి పేజీలో కలిపేయమన్నాయనకు ఈ సంగతి తెలుసా? కలిపితే పట్టాల అవతలి వాళ్ళు ఏమైపోవాలి? వాళ్ళూ పన్ను కడుతున్నారు కదా."

అమ్మాయి ముఖం వెలిగింది. "అయితే మనం గెలిచినట్టే కదా తాతయ్యా!"

"ఎక్కడ గెలిచాం? అది వేరే సంస్థ అని తేలింది, అంతే. దాని గురించి రాయడానికి సరుకు ఉందని తేలలేదు. నువ్వు రాసిందంతా ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"వాళ్ళ బ్రోచర్లలోంచి, వాళ్ళ వార్షిక నివేదికల్లోంచి."

"నేను పంటల అజమాయిషీకి పోయినప్పుడు ఏ రైతు చెప్పిన దిగుబడినీ ఆయన నోటి మాట మీదే అడంగల్లో ఎక్కించలేదమ్మా. చేలోకి దిగి చూసేవాణ్ణి, పక్క చేను వాళ్ళను అడిగేవాణ్ణి. ఆ తర్వాత రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వచ్చి నా రాతను మళ్ళీ సరిచూసేవాడు. రైతు అబద్ధాలకోరని కాదు, నేను దొంగననీ కాదు. ఎవరి చేను గురించి వాళ్ళు చెప్పిన మాట ఒక్కటే చాలదు. పార్కు వాళ్ళ గురించి పార్కు వాళ్ళు కాక ఇంకెవరన్నా రాశారా?"

మర్నాడు తాతా మనవరాలూ ఊరి గ్రంథాలయానికి వెళ్ళారు. స్థానిక చరిత్ర గదిలో లైబ్రేరియన్ పాత వార్తాపత్రికల మైక్రోఫిల్ములు తీసిచ్చింది. మూడు మధ్యాహ్నాలు అక్కడే గడిచాయి. మొట్టమొదట పార్కు బోర్డు పెట్టాలా వద్దా అని ఓటింగు జరిగిందనీ, అది వీగిపోయిందనీ, రెండేళ్ళ తర్వాత స్వల్ప తేడాతో నెగ్గిందనీ కనబడింది. వదిలేసిన రాతిక్వారీని ఇళ్ళ స్థలాలకు అమ్మాలా, సరస్సుగా మార్చాలా అని సాగిన తగవు మీద షికాగో పత్రిక ఒకటి పెద్ద కథనమే వేసింది. అక్కడి నది చరిత్ర రాసిన ప్రొఫెసరు ఒకాయన తన పుస్తకంలో ఈ బోర్డుకు ఒక అధ్యాయం కేటాయించాడు.

ఇంకొకటి కూడా కనబడింది. ఒక దశాబ్దంలో బోర్డు వాళ్ళు ఒక పార్కు స్థలాన్ని తక్కువ ధరకు అమ్మబోయారు. జనం తిరగబడ్డారు. ఆ తర్వాతి ఎన్నికల్లో ఆ కమిషనర్లు ఓడిపోయారు.

అమ్మాయి అక్కడ ఆగింది. "ఇది కూడా పెట్టాలా తాతయ్యా? వాళ్ళు నాకు ఎంతో మంచివాళ్ళు."

"నీకు జీతమిచ్చిన చోటు కాబట్టే నువ్వు తప్పకుండా పెట్టాలి. అక్కడ పనిచేస్తున్నానన్న సంగతి కూడా అందరికీ కనబడేట్టు రాయి."

ఆమె పేజీని మళ్ళీ మొదటి నుంచి రాసింది. ఉయ్యాలల లెక్క పోయింది. యోగా రుసుము పోయింది. కరపత్రం వాక్యం పోయింది. ముందు రాసినదానిలో మూడో వంతే మిగిలింది. ప్రతి పేరా కిందా ఒక పత్రికో పుస్తకమో నిలబడింది. తాను ఆ సంస్థలో వేసవి ఉద్యోగినని చర్చా పేజీలో చెప్పుకుంది. ఆరో రోజున, తొలగించాలని ప్రతిపాదించిన వ్యక్తే వచ్చి, మూలాలు చదివాను, ఉంచుదాం అని రాసి వెళ్ళాడు.

కథ అక్కడితో ముగియలేదు. కొంత దూరంలోని ఒక చిన్న ఊళ్ళో ఉండే ఆమె స్నేహితురాలు ఇది చూసి, మా ఊరి పార్కు బోర్డుకు కూడా రాద్దామని వచ్చింది. వాళ్ళది మూడు పార్కులు, ఒక హాలు ఉన్న చిన్న బోర్డు. తాతయ్యతో కలిసి ముగ్గురూ అదే గదిలో, అవే మైక్రోఫిల్ముల ముందు కూర్చున్నారు. సమావేశాల ప్రకటనలు దొరికాయి. పన్ను రేటు నోటీసులు దొరికాయి. ఈస్టర్‌కు పిల్లలు గుడ్లు వెతికిన ఫోటో ఒకటి దొరికింది. ఇంకేమీ దొరకలేదు.

స్నేహితురాలికి కోపం వచ్చింది. మా ఊరి పార్కు మీ దానికంటే ఏం తక్కువ అని అడిగింది. అమ్మాయికి ఏం చెప్పాలో తోచక తాతయ్య వంక చూసింది. ఆయన తెలుగులో చెప్పిన మాటను ఆమె తర్జుమా చేసింది.

"తక్కువని ఎవరన్నారమ్మా? దాని గురించి ఇంకా ఎవరూ రాయలేదు, అంతే. లేని రాతను ఉన్నట్టు చూపిస్తే నీ పేజీతో పోదు, వికీపీడియా అనే ఆ పుస్తకం మొత్తం మీదే జనానికి నమ్మకం పోతుంది. మీ బోర్డు హద్దు, మీ ఊరి హద్దు ఒకటేనా?"

ఒకటే.

"అయితే మీ ఊరి పేజీలో గట్టి వాక్యాలు నాలుగు రాయి. వెతికినవాళ్ళకు దొరుకుతుంది. తక్కిన చరిత్ర మీ పెద్దవాళ్ళ పెట్టెల్లో ఉంటుంది. ముందు దాన్ని బయటకు తియ్యి."

ఆ పిల్ల నాలుగు వాక్యాలు రాసింది. బోర్డు పేరుతో వెతికితే ఊరి పేజీలోని ఆ భాగానికి చేరేట్టు దారిమార్పు పెట్టింది. తర్వాతి వారం వాళ్ళ నాయనమ్మ దాచిన ఫోటోలు, పాత సమావేశాల కాగితాలు ఉన్న పెట్టెను కౌంటీ చారిత్రక సంఘానికి అప్పగించి రసీదు తీసుకుంది.

నీతి

ఒక సంస్థకు విజ్ఞాన సర్వస్వంలో సొంత పుట ఉండాలా అన్నది దాని పరిమాణం తేల్చదు, అధికారం తేల్చదు, దాని మీద మనకున్న ప్రేమ అసలే తేల్చదు. దానితో లాభనష్టాలు లేనివాళ్ళు దాని గురించి శ్రద్ధగా, తగినంత రాశారా అన్నదే తేలుస్తుంది. తెలుగు వికీపీడియాలో దీన్నే విషయ ప్రాముఖ్యత అంటారు. రాసి ఉంటే చిన్న బోర్డుకైనా పుట దక్కాలి. రాయకపోతే పెద్ద బోర్డు కూడా ఆగాలి.

ఈ ప్రశ్న షికాగో ఉన్న ఇలినాయ్‌లో ఊరికే పుట్టింది కాదు. ఆ రాష్ట్రపు 1870 నాటి రాజ్యాంగం స్థానిక సంస్థల అప్పును అక్కడి ఆస్తి విలువలో ఐదు శాతానికి మించనివ్వలేదు. ఊరు అప్పు చేయలేనప్పుడు అదే నేల మీద పార్కులకొక సంస్థ, గ్రంథాలయానికొక సంస్థ, మురుగునీటికొక సంస్థ పుట్టుకొచ్చాయి. ఒక్కోదానికి ఒక్కో పన్ను, ఒక్కో అప్పు పరిమితి. అలా ఇప్పుడు ఆ ఒక్క రాష్ట్రంలో దాదాపు ఏడు వేల స్థానిక ప్రభుత్వాలున్నాయి. అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. వాటిలో పార్క్ డిస్ట్రిక్టులే మూడు వందలకు పైగా. 1894లో ఏర్పడిన పియోరియా పార్క్ డిస్ట్రిక్ట్ అధికారిక నామంలో ఇప్పటికీ ప్లెజర్ డ్రైవ్‌వే అన్న మాట ఉంది. గుర్రపు బగ్గీల్లో షికారు వెళ్ళే బాటలు వేయడం కూడా ఆనాడు ఈ సంస్థల పనే. చాలా డిస్ట్రిక్టులకు కమిషనర్లను ఓటర్లు ఎన్నుకుంటారు. వాళ్ళు జీతం లేకుండా పనిచేస్తారు.

వీటిలో కొన్నింటి గురించి వాదనే అక్కర్లేదు. షికాగో పార్క్ డిస్ట్రిక్ట్ 1934లో, ఆర్థిక మాంద్యపు రోజుల్లో, ఇరవై రెండు వేర్వేరు పార్కు సంస్థలను కలిపితే ఏర్పడింది. ఈనాడు ఆరు వందలకు పైగా పార్కులు దాని చేతిలో ఉన్నాయి. సోల్జర్ ఫీల్డ్ స్టేడియం దానిదే. లింకన్ పార్కు జంతు ప్రదర్శనశాల దానిదే. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు ప్రసంగించిన భవనం, ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, నిలబడి ఉన్న నేల కూడా ఆ పార్క్ డిస్ట్రిక్ట్‌దే. ఈ డిస్ట్రిక్ట్ మీద పుస్తకాలున్నాయి, కోర్టు తీర్పులున్నాయి, దశాబ్దాల పత్రికా కథనాలున్నాయి. చిక్కల్లా మిగిలిన వందల బోర్డుల దగ్గరే.

ప్రభుత్వ సంస్థ కాబట్టి పుట తప్పనిసరి అనే వాదనను నేను ఒప్పుకోను. జనం నివసించే, చట్టం గుర్తించిన ఊరికి ఇంగ్లీషు వికీపీడియా సాధారణంగా చోటిస్తుంది, జనాభా ఎంత తక్కువైనా సరే. నీటిపారుదల డిస్ట్రిక్ట్ లాంటి పాలనా హద్దులకు ఆ వెసులుబాటు లేదు. ఇది న్యాయమైన తేడా. ఊళ్ళో మనుషులు పుడతారు, చస్తారు, వలసపోతారు. దాని కథ ఏదో ఒక జనాభా లెక్కలోనో శాసనంలోనో నమోదవుతుంది. పన్ను వసూలు కోసం గీసిన గీతకు అలాంటి కథ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఉందని చూపించే బాధ్యత రాసేవాళ్ళది.

అయితే విలీనం చేసేయండి అని తేలిగ్గా అనేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. ఫాక్స్ వ్యాలీ పార్క్ డిస్ట్రిక్ట్‌నే తీసుకోండి. మన వాళ్ళెందరో ఎరిగిన బాలాజీ గుడి ఉన్న అరోరా నగరంతో పాటు నార్త్ అరోరా, మాంట్‌గమరీ కూడా దాని పరిధిలోకి వస్తాయి. దాన్ని అరోరా పేజీలో ఇరికిస్తే తక్కిన రెండు ఊళ్ళ వాళ్ళ పన్ను, ఓటు కనబడకుండా పోతాయి. కలపడం వల్ల అబద్ధం పుడుతుందంటే కలపకూడదు. ముందు హద్దు చూడాలి, ఆ తర్వాతే విలీనం మాట.

ఇలాంటి సంస్థలు మనకు లేవనుకోకండి. మనం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడతాం. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఆ డబ్బుతో నడవాల్సినవి జిల్లా గ్రంథాలయ సంస్థలు. పంట కాలువల మీద నీటి సంఘాలున్నాయి, వాటికి 1997లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. పన్ను, పరిధి, పాలకవర్గం ఉన్న ఈ సంస్థలు మన జీవితాలను రోజూ తాకుతాయి. వాటి చరిత్ర రాయదగిందే. కానీ రాయబోయేవాడికి మన దగ్గర ఎదురయ్యే కష్టం వేరు. ఇలినాయ్ అమ్మాయికి పాత పత్రికలు ఒక గదిలో, వరుసగా, అడగ్గానే దొరికాయి. మన దగ్గర దశాబ్దాలుగా దినపత్రికల జిల్లా పేజీల్లో ఊరి గ్రంథాలయం గురించి, ఊరి పార్కు గురించి, కాలువ గట్టు తగవు గురించి విలేకరులు రాస్తూనే ఉన్నారు. అవి చాలావరకు పచారీ కొట్లలో పొట్లాలైపోయాయి. నెట్‌లో వెతికితే దాదాపు ఏమీ దొరకదు. ఏమీ దొరకలేదు కాబట్టి ప్రాముఖ్యత లేదని చర్చలో తీర్మానం చేసేస్తారు. అచ్చయిన రాత ఒకప్పుడు ఉండి, మన అశ్రద్ధ వల్ల పోయిందనే సంగతిని ఆ తీర్మానం పట్టించుకోదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. తొలగింపు ఓటు వేసే ముందు, అచ్చులో వెతికారా అని కనీసం ఒకరైనా అడగాలి.

ఊరి మాటను బయటి రాతతో సరిచూసే దారి మన పెద్దలు ఎప్పుడో వేశారు. బ్రిటిష్ సర్వే అధికారి మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు రెండు శతాబ్దాల క్రితం ఊరూరా కైఫీయతులు సేకరించారు. చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యం ఎవరిచ్చారు లాంటి వివరాలు కరణాల దస్త్రాల్లోంచి రాయించి తెచ్చారు. కరణం తన ఊరి గురించి తానే రాసుకుంటే అది ఊరి మాట. బయటి నుంచి ఒకరు వచ్చి, దాన్ని శాసనంతో, పక్క ఊరి దస్త్రంతో పోల్చి చూసినప్పుడు అది చరిత్రకు పనికొచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. 1923లో ఆయన పోయేనాటికి మూడు సంపుటాలే వెలువడ్డాయి, అవీ అకారంతో మొదలయ్యే విషయాలతోనే. పుటలు నింపడానికి తొందరపడి ఉంటే ఇంకా ఎన్నో వచ్చేవి. విషయాన్ని వెతికి, తేల్చుకుని రాయడానికి అంత కాలం పట్టింది.

మీ ఊరి గ్రంథాలయానికో, పార్కుకో, నీటి సంఘానికో తెలుగు వికీపీడియాలో పేజీ పెట్టాలనిపిస్తే వెంటనే పెట్టకండి. ముందు దాని హద్దులూ, డబ్బు వచ్చే దారీ తెలుసుకోండి. తర్వాత జిల్లా కేంద్ర గ్రంథాలయంలో బైండు చేసిన పత్రికలు తిరగేయండి. వీలైతే వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళండి. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయం పాత పత్రికలను కాపాడుతూ వస్తోంది. ఇద్దరు ముగ్గురు బయటివాళ్ళు రాసింది దొరికితే ధైర్యంగా పేజీ రాయండి, మెచ్చుకోలుతో పాటు తగవులు కూడా పెట్టండి. దొరకకపోతే ఊరి పేజీలో నాలుగు వాక్యాలు రాసి ఆగండి. మీ ఇంట్లో నాన్నగారు కత్తిరించి దాచిన పత్రికా కత్తిరింపులు, సంఘం మినిట్స్ పుస్తకాలు ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. వాటి మీద తేదీ, పత్రిక పేరు రాసి, స్కాన్ చేసి, గ్రంథాలయానికి ఇచ్చి రసీదు తీసుకోండి.